చిన్న మ్యూజియం కమిటీ ఎలా నడవాలి? కొత్త భవనం కంటే ముందు తేల్చుకోవలసినవి

నమస్కారం. మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంతలో క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. కృష్ణా జిల్లాలో మీది కలంకారీ అద్దకం పని సాగే ఊరు. ఊరి పెద్దాయన ఒకరు జీవితకాలం పోగుచేసిన అద్దకపు అచ్చులు, తాళపత్రాలు, నాణేలు, ఇత్తడి సామాను ఆయన పోయాక పిల్లలు మీ సొసైటీకి ఇచ్చారు. రెండు గదుల్లో మ్యూజియం నడుస్తోంది. సేకరణను చూసుకునే ఉద్యోగిగా ఒక క్యూరేటర్ ఉన్నారు, కమిటీలో ఇరవై ఒక్క మంది ఉన్నారు. విదేశాల్లో స్థిరపడ్డ మీ ఊరివాళ్ళు కొత్త భవనానికి డబ్బు ఇస్తామంటున్నారు. కమిటీది ఒక మాట, క్యూరేటర్‌ది ఇంకో మాట. కొత్తగా కార్యదర్శి అయిన మీరు ఎవరి మాట చెల్లాలి, మంచి పాలన అంటే ఏమిటి, మొదట ఏ పని పట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. భవనం ఇప్పుడు వద్దు. ముందు మూడు కాగితాలు తయారు కావాలి. ఈ వస్తువులు చట్టరీత్యా ఎవరివో చెప్పే పత్రం ఒకటి. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే రిజిస్టర్ రెండోది. కమిటీ ఏం నిర్ణయిస్తుంది, క్యూరేటర్ ఏం నిర్ణయిస్తారు అని విడదీసి రాసుకున్న రెండు పేజీలు మూడోది. ఈ మూడూ ఉంటే కమిటీలో ఎవరున్నా మ్యూజియం నిలబడుతుంది. ఇవి లేకపోతే ఎంత గొప్పవాళ్ళు కూర్చున్నా, వాళ్ళు లేచి వెళ్ళిన రోజున అంతా మళ్ళీ మొదటికొస్తుంది. నా ఉద్యోగం మొదలైందే మ్యూజియం రిజిస్టర్ల దగ్గర. ఇప్పుడు చిన్న మ్యూజియాల కమిటీలకు సలహా చెబుతుంటాను. ఈ వరుస తప్పినచోట గొడవలు రాకపోవడం నేను చూడలేదు.

ఈ వరుసకు మన హైదరాబాదులోనే పెద్ద ఉదాహరణ ఉంది, సాలార్ జంగ్ మ్యూజియం. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చిలో కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. ఆయన వదిలివెళ్ళిన కళాఖండాల సేకరణను చూసుకోవడానికి ఎస్టేట్ కమిటీ వేశారు. 1951 డిసెంబరు 16న ఆ కుటుంబ నివాసమైన దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. అంటే జనానికి తలుపులు తెరుచుకున్నాయి గానీ యాజమాన్యం సంగతి ఇంకా తేలలేదు. 1958లో హైకోర్టు డిక్రీ ఆధారంగా రాజీ ఒప్పందం కుదిరి, బంధువర్గంలోని వారసులు మొత్తం సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. గవర్నరు హోదారీత్యా అధ్యక్షులుగా బోర్డు ఏర్పడింది. అందులో కేంద్రానికి, రాష్ట్రానికి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రతినిధులున్నారు, సాలార్ జంగ్ కుటుంబానికీ ఒక స్థానం ఉంది. మూసీ ఒడ్డున ఇప్పుడు మనం చూసే భవనంలోకి మారింది 1968లో. వరుస గమనించండి: ముందు హక్కు తేలింది, తర్వాత బోర్డు వచ్చింది, ఆ తర్వాతే భవనం. మీ స్థాయి వేరు, నిజమే. కానీ కుటుంబాన్ని దూరం పెట్టకుండా ఒక కుర్చీ ఇచ్చి, పెత్తనం మాత్రం సంస్థ చేతిలో ఉంచిన ఆ పద్ధతి మీ ఊరికీ పనికొస్తుంది.

ఇక మీ సంగతి. పిల్లలు "ఇచ్చారు" అని రాశారు. ఎలా ఇచ్చారు? సభ పెట్టి, శాలువా కప్పి, తాళాలు చేతికిచ్చారా? చరాస్తిని చేతికి అప్పగిస్తే చట్టం దృష్టిలో దానం చెల్లుతుంది. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత మనవడు వచ్చి "మా తాతగారి సామాను చూసుకొమ్మని ఇచ్చాం, దానం చేయలేదు" అంటే మీ దగ్గర చూపడానికి ఏముంటుంది? అందుకని వారసులందరి సంతకాలతో, వస్తువుల జాబితా జతచేసి, దానపత్రం రిజిస్టర్ చేయించండి. ఒక్కరి సంతకం మిగిలిపోయినా ఆ ఒక్కరి దగ్గరే రేపు చిక్కు వస్తుంది. కుటుంబంతో మంచి సంబంధాలు ఉన్నప్పుడే ఇది అడగడం తేలిక.

వస్తువుల్లో కొన్ని పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. 1972 నాటి ఆ చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలు, నాణేలు, శిల్పాలు పురావస్తువులే. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు డెబ్బై అయిదేళ్ళు చాలు. వాటిలో నోటిఫై చేసిన రకాలను రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి, చేతులు మారితే తెలియజేయాలి. పెద్దాయన పేరిట ఇప్పటికే నమోదు పత్రాలు ఉన్నాయేమో ముందు ఇంట్లో వెతికించండి. తరచూ పాత ట్రంకు పెట్టెల్లో, బ్యాంకు కాగితాల మధ్య దొరుకుతుంటాయి.

రిజిస్టర్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే పాలన అంతా చివరికి అక్కడికే చేరుతుంది. బ్రిటిష్ మ్యూజియం సంగతి చూడండి. మన అమరావతి శిల్పాలు ప్రత్యేక గదిలో ఉన్న మ్యూజియం అది. దాన్ని నడిపేది 1963 చట్టం కింద ఏర్పడిన ట్రస్టీల బోర్డు. ఇరవై అయిదుగురి వరకు ట్రస్టీలు, అందులో పదిహేను మందిని ప్రధానమంత్రి నియమిస్తారు. మాజీ మంత్రులు, పండితులు, వ్యాపారవేత్తలు అందులో కూర్చుంటారు. అయినా 2023 ఆగస్టులో ఏం బయటపడింది? సుమారు రెండు వేల వస్తువులు పోయాయి, లేదా దొంగతనానికి గురయ్యాయి, లేదా పాడయ్యాయి. ఎక్కువ భాగం రత్నాలు, చిన్న చిన్న నగలు. వాటిలో చాలావాటికి సరైన నమోదు లేదు. ఒక పురావస్తు వ్యాపారి 2021లోనే హెచ్చరించారు, అంతా సవ్యంగానే ఉందని ఆయనకు జవాబు వెళ్ళింది. చివరికి మ్యూజియం ఒక ఉద్యోగిని తొలగించింది, డైరెక్టరు రాజీనామా చేశారు. ఆ తర్వాత మొత్తం సేకరణను అయిదేళ్ళలో డిజిటల్‌గా నమోదు చేస్తామని ప్రకటించారు.

దీన్నుంచి నేను తీసుకునేది రెండు విషయాలు. నమోదు లేని వస్తువు పోయిందని నిరూపించడం కూడా కష్టమే. రెండోది ఇంకా ముఖ్యం: బయటి మనిషి ఫిర్యాదు చేసినప్పుడు ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ విభాగమే విచారించుకుని "ఏమీ లేదు" అనే పద్ధతి ఉండకూడదు. ఫిర్యాదు నేరుగా కమిటీకి చేరాలి, మినిట్స్ బుక్కులో ఎక్కాలి, సంబంధం లేని ఇద్దరు వెళ్ళి వస్తువును కళ్ళతో చూడాలి.

మీ రిజిస్టర్ ఎలా ఉండాలంటే: పేజీలకు నంబర్లు వేసి కుట్టిన గట్టి అట్ట పుస్తకం. ఒక్కో వస్తువుకు ఒక్క నంబరు, ఆ నంబరు ఇంక దేనికీ ఇవ్వకూడదు. వచ్చిన సంవత్సరం, ఆ ఏటి వరుస సంఖ్య కలిపితే నంబరు సరిపోతుంది. పేరు, కొలతలు, బరువు, దేనితో చేసింది, పగుళ్ళు, చెదలు తిన్న చోట్లు, ఎవరిచ్చారు, ఏ బీరువాలో ఏ అరలో ఉంది, ఫోటో నంబరు. కొట్టివేతలుంటే పక్కన సంతకం. దీని నకలు ఒకటి మ్యూజియం బయట, వేరే చోట ఉండాలి. కంప్యూటర్లోకి ఎక్కించడం తర్వాతి మెట్టు. కేంద్ర ప్రభుత్వ మ్యూజియాలకు 'జతన్' అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారుచేసింది. మీకు మొదట్లో ఎక్సెల్ షీటు చాలు. అద్దకపు అచ్చుల విషయంలో ఒక సూచన: అచ్చును రెండు వైపులా ఫోటో తీయడంతో పాటు, గట్టిగా ఉన్నవాటి ముద్ర ఒకటి కాగితం మీద తీసి ఫైల్లో పెట్టండి. ఒకే డిజైనుకు గీతలు వేసే రేక అచ్చు, లోపల రంగు నింపే నింపుడు అచ్చు విడివిడిగా ఉంటాయి కదా, అవి ఏది దేనికి జత అన్నది మీ ఊళ్ళో పెద్ద పనివాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళను కూర్చోబెట్టుకుని ఇప్పుడే రాయించుకోండి.

నాణేలు "భద్రత కోసం" అధ్యక్షులవారి ఇంట్లో ఉన్నాయని రాశారు. ఆయన మంచివారే అయ్యుంటారు, నేను ఒక్క ముక్క కూడా అనుమానించడం లేదు. కానీ ఇది వెంటనే ఆగాలి. ఒకచోట నేను వెళ్ళేసరికి తాళపత్రాల కట్టలు ఇలాగే మాజీ కార్యదర్శి ఇంట్లో ఉండిపోయాయి. ఆయన హఠాత్తుగా పోయారు. ఏవి ఇంటివో ఏవి మ్యూజియంవో ఆ కుటుంబానికి తెలియదు, కమిటీ దగ్గర జాబితా లేదు. రెండు వైపులా నిజాయితీపరులే అయినా ఊళ్ళో ముఖాలు చూసుకోలేని పరిస్థితి వచ్చింది. అధ్యక్షులవారి గౌరవాన్ని కాపాడేందుకే ఇది చేస్తున్నామని చెప్పండి, అది నిజం కూడా. ఒక రోజు పెట్టుకుని, క్యూరేటర్, కోశాధికారి, బయటి వ్యక్తి ఒకరు సాక్షిగా, ఒక్కో నాణెం తూచి, రెండు వైపులా ఫోటో తీసి, ఆయనకు రశీదు ఇచ్చి, మ్యూజియం పేరిట బ్యాంకు లాకరు తీసుకుని, ఇద్దరి సంతకాలతోనే తెరిచేలా పెట్టండి.

ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్నకు వస్తాను. ఏం చేయాలన్నది కమిటీ నిర్ణయం, ఎలా చేయాలన్నది క్యూరేటర్ నిర్ణయం. ఏడాది బడ్జెట్, సేకరణ విధానం, క్యూరేటర్ నియామకం, కొత్త వస్తువు తీసుకోవడం, ఏదైనా వస్తువును తీసేయడం, పెద్ద దానాలు ఒప్పుకోవడం కమిటీ పనులు. ఏ వస్తువు ఏ షోకేసులో పెట్టాలి, పక్కన ఏం రాయాలి, తాళపత్రాలకు ఏ నూనె రాయాలి, ఏది తాకనివ్వకూడదు, అటెండరు ఏ పని చేయాలి అన్నవి క్యూరేటర్ పనులు. కమిటీ సభ్యుడు నేరుగా అటెండరును పిలిచి "ఆ విగ్రహం ఇటు జరుపు" అనకూడదు. చెప్పాలనుకుంటే కార్యదర్శికి చెప్పాలి, కార్యదర్శి క్యూరేటర్‌తో మాట్లాడాలి. ఎవరో పెద్దమనిషి వచ్చారని షోకేసు తాళం తీయించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. క్యూరేటర్ ఒక్కరి దగ్గరే అన్ని తాళాలు, రిజిస్టర్, నిర్ణయాలు ఉండటం కూడా మంచిది కాదు. ఏటా ఒకసారి కమిటీ నియమించిన ఇద్దరు, రిజిస్టర్‌లోంచి కొన్ని నంబర్లు తీసి ఆ వస్తువులు చెప్పిన చోట ఉన్నాయో లేదో చూడాలి. అలాగే అరలోంచి కొన్ని వస్తువులు తీసి వాటికి రిజిస్టర్‌లో పద్దు ఉందో లేదో కూడా చూడాలి. దేశంలోని పెద్ద మ్యూజియాలను కూడా కలుపుకుని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2013లో ఇచ్చిన నివేదిక ఎత్తిచూపిన లోపాల్లో ఈ భౌతిక పరిశీలన సరిగా జరగకపోవడం ఒకటి. ఇది క్యూరేటర్ మీద అపనమ్మకం కాదు. పని పూర్తయ్యాక "అన్నీ సరిపోయాయి" అని కమిటీ సంతకం పెడితే అది ఆమెకే రక్షణ. మీ క్యూరేటర్‌కు నియామక ఉత్తర్వు కూడా లేదని రాశారు. జీతం, పని, సెలవులు, ఎవరికి జవాబుదారీ అన్నది రాసిన ఉత్తర్వు వచ్చే సమావేశంలోపే ఇవ్వండి. చదువుకున్న మనిషిని నోటిమాట మీద పనిలో పెట్టుకుని బాధ్యత ఆశించడం న్యాయం కాదు.

కమిటీలో ఇరవై ఒక్క మంది ఎక్కువ. తొమ్మిది మంది చాలు, అదీ పని చేసేవాళ్ళయితే. దాతలు, ఊరి పెద్దలు ఇష్టపడితే సలహా మండలి అని వేరుగా పెట్టుకోండి. ఏడాదికి ఒకసారి పిలిచి గౌరవించి లెక్కలు చెప్పండి. తొమ్మిది మందిలో లెక్కలు తెలిసినవారు ఒకరు, న్యాయం తెలిసినవారు ఒకరు, స్కూలు టీచరు ఒకరు, దాత కుటుంబం నుంచి ఒకరు, దగ్గర్లోని కాలేజీ చరిత్ర శాఖ నుంచి ఒకరు ఉండేలా చూడండి. అద్దకం పనిచేసేవారు, అచ్చులు చెక్కేవారు కలిపి కనీసం ఇద్దరు ఉండాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. మీ దగ్గరున్న అచ్చుల గురించి ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళు సందర్శకులుగా మాత్రమే వచ్చే మ్యూజియం ఆ ఊరి మ్యూజియం ఎలా అవుతుంది? పదవీకాలం మూడేళ్ళు, వరుసగా రెండుసార్లకు మించకుండా. అందరూ ఒకే ఏడాది దిగిపోకుండా మూడో వంతు చొప్పున మారేలా బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, రాయండి.

సొంత ప్రయోజనం సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి. మ్యూజియాల అంతర్జాతీయ మండలి నీతి నియమావళి ఈ విషయంలో గట్టిగా ఉంటుంది. మ్యూజియం సేకరించే రకం వస్తువులనే సభ్యులో ఉద్యోగులో సొంతానికి పోగుచేస్తుంటే ఆ విషయం ముందే చెప్పాలి, మ్యూజియంతో పోటీ పడకూడదు. వాళ్ళు అలాంటి పాత వస్తువుల వ్యాపారం చేయకూడదు. మన ఊళ్ళలో నాణేల సేకరణ చాలామందికి ఇష్టం, అందులో తప్పేమీ లేదు. కానీ అలాంటి సభ్యులు నాణేల కొనుగోలు చర్చ వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళాలి, వెళ్ళినట్టు మినిట్స్‌లో రాయాలి. మరమ్మతు కాంట్రాక్టు సభ్యుల బంధువుకు ఇచ్చేటప్పుడూ ఇదే పద్ధతి.

దాతల షరతుల గురించి. "మా నాన్నగారి వస్తువులు ఎప్పటికీ ప్రదర్శనలోనే ఉండాలి" అనే షరతు ఒప్పుకోకండి. ఒక మ్యూజియంలో ఇలాంటి షరతుల వల్ల పెద్ద హాలులో సగం శాలువాలు, సన్మాన పత్రాలతో నిండిపోయింది. అసలు చూడవలసిన రాగి శాసనాలు వెనక గదిలో ఉండిపోయాయి. తీసుకున్నామంటే భద్రంగా ఉంచుతాం, ఎప్పుడు ఏది చూపాలన్నది మ్యూజియం ఇష్టం, అని దానపత్రంలోనే ఉండాలి. "శాశ్వతంగా అరువు" అనే మాట అసలు ఒప్పుకోవద్దు. అరువైతే గడువు తేదీ, ఎవరు బీమా కట్టాలి అన్నది ఉండాలి. దానమైతే దానమని ఉండాలి.

సొసైటీ ఆస్తుల సంగతి చాలా కమిటీలకు తట్టదు. అమెరికాలో డెట్రాయిట్ నగరం 2013లో దివాలా తీసింది. అక్కడి ఆర్ట్ మ్యూజియం చిత్రాలు నగరపాలక సంస్థ పేరిట ఉన్నాయి. అప్పులిచ్చినవాళ్ళ కళ్ళు వాటి మీద పడ్డాయి, వెల కట్టించడం కూడా జరిగింది. ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చి పింఛన్లకు ఇచ్చి, బదులుగా సేకరణ యాజమాన్యాన్ని స్వతంత్ర సంస్థకు మార్చుకుంటేగానీ ఆ గండం గడవలేదు. మీ సొసైటీ రేపు భవనానికి అప్పు తీసుకుంటే సేకరణ కూడా అదే పేరిట ఉంటుందని మరిచిపోకండి. సేకరణను తాకట్టు పెట్టరాదు, సొసైటీ మూతపడితే వస్తువులు మరో ప్రజా మ్యూజియానికే చేరాలి అని బైలాస్ సవరణ చేయండి. వీలైతే సేకరణకు విడిగా పబ్లిక్ ట్రస్టు మేలు. హైదరాబాదులో జగదీశ్, కమలా మిట్టల్ దంపతులు తమ సేకరణను 1976లోనే అలా ట్రస్టుకు అప్పగించారు.

భవనం వద్దని ఎందుకన్నానంటే, మీ రెండు గదుల్లోనే చేయవలసిన పని చాలా ఉంది, దానికి ఖర్చూ తక్కువే. రియో డి జనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం 2018 సెప్టెంబరు 2 రాత్రి కాలిపోయింది. దాదాపు రెండు కోట్ల వస్తువులున్న సేకరణలో ఎక్కువ భాగం బూడిదైంది. మంటలు ఒక ఏసీ దగ్గర మొదలయ్యాయి. దగ్గర్లోని హైడ్రెంట్లలో, అంటే మంటలార్పడానికి పెట్టిన నీటి గొట్టాల్లో, నీళ్ళు లేవు. అగ్నిభద్రత పనులు కూడా కలిపిన నిధుల ఒప్పందం అదే ఏడాది జూన్‌లో కుదిరింది, పనులు మొదలయ్యే లోపే అంతా అయిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు ఢిల్లీలో సహజ చరిత్ర మ్యూజియం కూడా అగ్నికి ఆహుతైంది. అందుకని మీ మొదటి ఖర్చు వైరింగు మార్చడం, మంటలార్పే సిలిండర్లు, చెదల మందు, రాత్రి మెయిన్ ఆపే అలవాటు. రెండోది తేమ. సముద్రానికి దగ్గర్లో ఉన్నారు, తాళపత్రాలూ టేకు అచ్చులూ నేల మీద పెట్టకండి. 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ఏం చేసిందో మీ జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. ఎప్పటికైనా భవనం కడితే స్టోరు మాత్రం పై అంతస్తులో ఉండాలి.

నాయకత్వం అన్నారు. నా దృష్టిలో కార్యదర్శిగా మీ పెద్ద పని, రాబోయే మూడేళ్ళలో ఏం చేయమో తేల్చి చెప్పడం. మ్యూజియం అనగానే అందరూ పాత గ్రామఫోన్లు, రేడియోలు, రోళ్ళు తెచ్చి పెడతారు. వద్దంటే బాధపడతారు. "మాది అద్దకం ఊరి మ్యూజియం. ఈ వృత్తికి, ఈ ఊరి చదువుకు సంబంధించినవే తీసుకుంటాం" అని ఒక పేజీ సేకరణ విధానం కమిటీ ఆమోదిస్తే, మీరు వ్యక్తిగతంగా ఎవరినీ నొప్పించకుండా కాదనగలరు. మూడేళ్ళకు మూడు పనులు చాలు: మొదటి ఏడు రిజిస్టర్ పూర్తి, రెండో ఏడు అచ్చుల గది ఒక్కటి బాగా అమర్చడం, మూడో ఏడు చుట్టుపక్కల స్కూళ్ళ పిల్లలు వరుసగా వచ్చేలా చూడటం. ప్రతి సమావేశంలో మొదటి అంశం ఈ మూడింటిలో ఎంత అయింది అన్నదే కావాలి, సన్మానాల సంగతి చివర్లో.

విదేశాల్లో ఉన్నవాళ్ళ డబ్బుకు ఒక జాగ్రత్త. భారత పౌరసత్వం ఉంచుకున్న ఎన్నారై తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద లెక్క కాదు. పాస్‌పోర్టు మారి విదేశీ పౌరుడైతే, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా పైసా కూడా తీసుకోకూడదు. కాబట్టి ఎవరి పౌరసత్వం ఏమిటో ముందు కనుక్కోండి, ఆడిటరుతో మాట్లాడండి.

వాళ్ళకు రాసే ఉత్తరంలో భవనం మాట తీయకుండా మూడేళ్ళ పట్టిక పంపండి: క్యూరేటర్ జీతం ఇంత, వైరింగు ఇంత, ఇనుప అరలు ఇంత, ఫోటోలకు ఇంత, ఆడిట్ ఇంత. ఒక్కో పద్దు ఎదురుగా దాత పేరు రాసుకోవడానికి ఖాళీ ఉంచండి. శిలాఫలకం కావాలనేవారికి మ్యూజియం ప్రచురించే జాబితా పుస్తకం మొదటి పేజీలో పేరు వేస్తామని చెప్పండి. జీతానికి డబ్బివ్వడానికి ఒప్పుకున్న దాత ఒక్కరు దొరికినా ముందు వారి పద్దుకు విడిగా బ్యాంకు ఖాతా తెరిచి, ఆరు నెలలకోసారి ఖర్చు లెక్క పంపడం మొదలుపెట్టండి. బైలాస్ సవరణ ముసాయిదా తయారైతే ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.